సునీత పంపిన ఫైలు

మంగళవారం, డైరీ ఫార్మ్ పేటలోని మా ఆఫీసు.

సేవ్ నొక్కగానే కోడ్ అంతా దానంతట అదే వరుసగా సర్దుకునే సెట్టింగ్ ఒకటి నిన్న నేను కోడ్ రాసే ఎడిటర్‌లో పెట్టుకున్నాను. వంకర వరుసలు చూస్తే ఊరుకోలేని అలవాటు నాది. బోటు టికెట్లు అమ్మే మా ప్రోగ్రామ్ ఫైలులో ఒక్క లైను మార్చి సేవ్ చేస్తే ఖాళీలన్నీ మారిపోయి, ఫైలు మొత్తం నేనే తిరగరాసినట్టు తయారైంది.

ఈ ఉదయం రంగత్‌లోని మా బ్రాంచి నుంచి, నాతోపాటు ఈ ప్రోగ్రామ్ రాసే సునీత అదే ఫైలులో తను చేసిన మార్పులు పంపింది. రెండూ కలపబోతే ప్రతి లైను దగ్గరా తేడా చూపించింది. విసుగొచ్చి నాదే ఉంచేశాను. పిల్లల టికెట్ల కోసం ఆమె మూడు రోజులు చేసిన పని అలా పోయింది.

మధ్యాహ్నం మా మేనేజర్ సార్ నా పక్కనే కూర్చుని, స్పీకర్ పెట్టి ఆమెకు ఫోన్ చేశారు.

"క్యా సునీతా, పని అయిపోయిందన్నావు, కహాఁ హై, ఎక్కడ? రంగత్‌లో నిద్రపోతున్నావా?"

"సారీ సార్. నేనే సరిగ్గా పంపలేదేమో."

నేను ఇంకో ఫైలు తెరిచి టైపు చేయడం మొదలుపెట్టాను.

సాయంత్రం ఆమె ఉదయం పంపిన కాపీ వెతికి, పని మొత్తం తిరిగి పెట్టాను. పావుగంట పట్టింది, అంతే. సెట్టింగ్ తీసేశాను. దొరికిందని ఆమెకు మెసేజ్ పెట్టాను. ఎలా పోయిందో రాయలేదు.

వెంటనే జవాబు వచ్చింది. "బచ్ గయీ భయ్యా, బతికిపోయాను, థాంక్స్. ఇకమీదట రెండుసార్లు చూసుకుని పంపుతాను. దొరికిందని సార్‌కి మీరే చెప్పండి, ప్లీజ్."

సరే అన్నాను. ఎవరి చేతిలో పోయిందని ఆయన అడిగితే చెబుతాను. అడగకపోతే, దొరికిందని మాత్రమే చెబుతాను.