నాన్న ముక్క

ఈలీ అడవి
2009 జనవరి 19

ప్రియమైన ఐలీ అక్కకి,

ఆపరేషన్ అవగానే బయలుదేరినవాణ్ణి నిన్న పొద్దు గుంకక ముందే ఇల్లు చేరాను. హల్లా నీ ఆసుపత్రిలో ఉండిపోయిందని మిగతా పదకొండు కుక్కలకీ ఎలా తెలిసిందో గానీ, తిండి పెట్టినా బండి వైపే చూస్తున్నాయి, అది దిగుతుందేమోనని. జట్టుకు ముందు నడిచేది లేకపోతే ఇవి ఒట్టి గుంపే అక్కా.

తప్పు నాదే. ఏటి మంచు మీద మలుపులో బ్రేకు తొక్కడం ఆలస్యం చేశాను. కుక్కలు లాగే ఆ స్లెడ్జి బండి హల్లా వెనక కాలి మీదుగా పోయింది. ఆ ఎముక విరిగిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది. పైగా తుఫానుకి దారి మూసుకుపోయి, నీ దగ్గరికి తేవడానికి మూడు రోజులు పట్టింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని పొయ్యి పక్కనే కూర్చున్నాను.

ఇంతకీ దాని రక్తమే తీసి దాని కాల్లోనే పెట్టావే, అదేం విద్య? నువ్వు చెబుతుంటే తలూపాను గానీ ఏమీ బుర్రకెక్కలేదు. నాకు కావలసింది ఒక్కటే. అది మళ్ళీ పరిగెత్తుతుందా? ఫోను లేదని తిట్టకుండా జవాబు రాయి.

నీ తమ్ముడు
రైనో

*

డులూత్
జనవరి 26

ఒరేయ్ రైనో,

తిట్టనంటే అబద్ధం. ఈ రోజుల్లో ఫోను లేకుండా బతికేది నువ్వూ, ఆ అడవి దుప్పులూ.

నీ బుర్రకెక్కేలా చెబుతాను, విను. ఎముకకు లోహపు పట్టీ వేసి మరలు బిగించాను. అది ఎవరైనా చేస్తారు. దాని రక్తం కొంచెం తీసి యంత్రంలో గిర్రున తిప్పితే పొరలుగా విడిపోతుంది, పాల మీద మీగడ తేలినట్టు. అందులో ఒక పొర నిండా ప్లేట్‌లెట్లు. దెబ్బ తగిలినచోటికి మొదట పరిగెత్తేవి అవే, బాగుచేసే పని మొదలుపెట్టించేవీ అవే. ఆ పొరను విరిగినచోట పెట్టాను. ఇంకా అందరూ ఒప్పుకున్న వైద్యం కాదు. కొన్నిటికి ఎముక తొందరగా అతికింది, కొన్నిటికి ఏ తేడా లేదు. కానీ హల్లా మీద నాకు నమ్మకముంది. పరిగెత్తుతుందిరా.

ఆసుపత్రి కాగితంలో 'ఏమైనా మందులు వాడారా' అన్నచోట 'లేదు' అని రాశావు. మంచిది. ఇకమీదట కూడా నేనిచ్చినవి తప్ప ఏ మందూ వద్దు. ఎనిమిది వారాలు తాడు విప్పకు. శనివారం వచ్చి తీసుకెళ్ళు.

ప్రేమతో
అక్క

*

ఈలీ అడవి
మార్చి 15

ప్రియమైన అక్కకి,

నువ్వు చెప్పింది తు.చ. తప్పకుండా చేస్తున్నాం, నేనూ హల్లా. పొరుగింటి లెంపి చూసి ఒకటే నవ్వు. "ఇది కుక్కా, కొత్త పెళ్ళికూతురా? మా ఆయన నలభై ఏళ్ళలో నన్నిలా ఒక్క పూట చూసుకోలేదయ్యా" అంది.

మిగతావాటికి జీను కడుతుంటే మాత్రం దాన్ని చూడలేకపోతున్నాను. గొంతు పోయేలా అరుస్తుంది. జట్టు వెళ్ళిపోయాక ఇటు తిరిగి నన్ను చూస్తుంది.

కాలు ఇంకా నేల మీద మోపడం లేదక్కా. నిన్నటి నుంచి ఆ చోట వేడిగా కూడా ఉంది. ఎనిమిది వారాలయ్యాయి కదా, ఇలాగే ఉంటుందా? భయంగా ఉంది. గురువారం తీసుకొస్తున్నాను.

రైనో

*

డులూత్
ఏప్రిల్ 20

ప్రియమైన రైనో,

నెల రోజులైంది, నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. కాలు తీసేశాక హల్లాను దుప్పట్లో చుట్టుకుని వెళ్ళిపోయావు. నిన్ను తప్పుపట్టను.

ఎముక వెంట్రుకవాసి కూడా అతకలేదు. మరలు వదులై చీము పట్టింది. కాలు ఉంచితే కుక్క దక్కేది కాదు. అంతకంటే చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

రక్తంతో చేసే ఆ పని మానేశాను. మొన్న ఒకావిడ ముంగాలు విరిగిన చిన్న కుక్కను తెచ్చి, "మా చెల్లెలి కుక్కకు మీరే కదండీ బాగుచేశారు, దీనికీ ఆ వైద్యం చేయండి" అని చేతులు పట్టుకుంది. చేయనని పంపేశాను. నా గొప్ప కోసం నీ హల్లాను వాడుకున్నాను. క్షమించు.

అక్క

*

ఈలీ అడవి
మే 9

అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చించాను.

పోయిన ఆదివారం లెంపి కాఫీకి వచ్చింది. నేను కుక్కలకు తిండి పెడుతున్నాను. హల్లా వంతు వచ్చింది.

"ఆ చేపలో ఏంటయ్యా దూరుస్తున్నావు?"

"నాన్న ముక్క."

"ముక్కేంటి నా మొహం, ఆస్పిరిన్ అది! గుండెకని నేనూ రోజూ వేసుకుంటాను. పన్ను పీకించుకునే ముందు ఆపమన్నాడు మా డాక్టరు, రక్తం సరిగా గడ్డకట్టదట. అంత మందు కుక్కకు పెడతావా?"

హల్లా నోటి దాకా వెళ్ళిన చేపను వెనక్కి లాక్కున్నాను అక్కా. పరుగు నుంచి వచ్చిన ప్రతి కుక్కకీ నాన్న హెర్రింగు చేప ముక్కలో ఆ తెల్ల బిళ్ళ పెట్టేవాడు కదా. మనింట్లో దాన్ని ఎవరైనా మందన్నారా? ముక్క అన్నాం. అది తిండి. తుఫానులో మూడు రోజులూ నొప్పికి అదే పెట్టాను. ఇంటికి తెచ్చాక రోజూ పెట్టాను. నీ కాగితం మీద 'లేదు' అని రాసేటప్పుడు నా మనసులో ఏ కల్మషమూ లేదు. ఒట్టు.

హల్లా మూడు కాళ్ళతో తిరుగుతోంది. తను పడుకునే చెక్క పెట్టె మీదికి ఎగరబోయి నిన్న రెండుసార్లు పడింది. మూడోసారి ఎగరలేదు.

నీ విద్యలో తప్పు లేదు. దాని కాలు నేనే పోగొట్టాను. ఎంత తిట్టినా పడతాను గానీ, ఆ పని మాత్రం మానకు.

రైనో

*

డులూత్
మే 14

రైనో, నా తండ్రీ,

నీ ఉత్తరం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. ఆ బిళ్ళలు పెట్టకపోతే ఎముక అతికేదా అంటే ఎవరూ చెప్పలేరు. చెడుపు చేసిందనే నాకనిపిస్తోంది. కాగితంలో 'మందులు' అన్న మాట కొట్టేసి 'దాని నోట్లో ఏమేం పెట్టారో అన్నీ చెప్పండి' అని రాయించాను. నేను పంపేసిన ఆ చిన్న కుక్కకు ఇంకెక్కడో పట్టీ ఒక్కటే వేశారట. అది అతకాలని కోరుకోవడం తప్ప చేయగలిగింది లేదు.

కానీ నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకో విను.

ఆ రోజు హల్లా మెడ దగ్గర రక్తం తీశాక, సూది గుచ్చినచోట ఎంత నొక్కిపట్టినా కారుతూనే ఉంది. ఆ క్షణంలోనే నాకు నాన్న ముక్క గుర్తొచ్చింది. నేనూ ఆ ఇంట్లోనే పెరిగానురా. చిన్నప్పుడు ఆ బిళ్ళలు చేపల్లో దూర్చింది నా వేళ్ళే.

ఆ బిళ్ళ ప్లేట్‌లెట్లను మొద్దుబారుస్తుంది. పట్టీ ఒక్కటే వేసి, కొత్తవి పుట్టేదాకా పది రోజులాగి రక్తం పని చేయవచ్చు. కానీ నా పని చూడడానికి మినియాపోలిస్ నుంచి వచ్చిన ఇద్దరు పెద్ద డాక్టర్లు అప్పటికే చేతులు కడుక్కుని నిలబడి ఉన్నారు. నువ్వు తలుపవతలే ఉన్నావు. అడిగితే నిజమే చెప్పేవాడివి.

అందుకే అడగలేదు.

ఐలీ