కుడి బుగ్గకు మారిన పుట్టుమచ్చ

గౌరవనీయులైన ఫోటో హక్కుల పరిహార నిర్ణయాధికారి గారి సముఖమునకు,

పాత మార్కెట్ వెనుక వీధిలో ఫోటో స్టూడియో నడుపుకొను ఒక పౌరుడు సమర్పించుకొను అర్జీ.

విషయం: నేను తీసిన ఫోటోను కళ్లజోళ్ల కంపెనీవారు అనుమతి లేకుండా వాడుకొన్నందుకు తమరు విధించిన జరిమానా న్యాయసమ్మతముగా లేదనియు, తగిన శిక్షను విధించవలసినదనియు కోరుట గురించి.

అయ్యా,

పై విషయమై సవినయముగా మనవి చేసుకొనునది. తమ ఉత్తర్వులో "సదరు ఛాయాచిత్రములోని మోడల్" అని ఒక మాట ఉంది. ఆమె మోడల్ కాదు. నా అక్క. నా స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్లి ఫోటోల్లో మూసుకుపోయిన కళ్లు తెరిపించేది, చెదిరిన జుట్టు సర్దేది. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం గొడుగు తీసుకుని, ఒకరికి పాస్‌పోర్టు ఫోటోలు ఇచ్చి వస్తానని బయలుదేరింది. ఫోటోలు వారికి అందాయి. అక్క మాత్రం తిరిగి రాలేదు. ఇంట్లో గొడవ లేదు, మాట పట్టింపు లేదు. ఉండి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. కనీసం తలుచుకుని ఏడవడానికి ఒక కారణం ఉండేది.

తమ ఉత్తర్వుపై అభ్యంతరాలు తెలుపుకొనుటకు గడువు ఈ రోజుతో ముగియుచున్నది గనుక, నా బాధలను వరుసగా విన్నవించుకొనుచున్నాను.

1. సదరు ఫోటోను తీసినవాడను నేనే. మా ఇంటి ముందు భాగమే స్టూడియో. కొత్తగా కొన్న లైటు ఎలా పడుతుందో చూద్దామని అక్కను స్టూలు మీద కూర్చోబెట్టాను. "తొందరగా కానివ్వరా, పొయ్యి మీద పాలున్నాయి" అని వంటింటి వైపు చూసి నవ్వింది. అప్పుడే నొక్కాను. అక్క కనబడకుండా పోయినప్పుడు, ఉన్నవాటిలో ముఖం బాగా తెలిసే ఫోటో అదే కాబట్టి, కింద నా ఫోన్ నంబరు వేసి ఊరంతా గోడలకు అంటించాను. నెట్‌లోనూ పెట్టాను. కంపెనీవారు అక్కడి నుంచి తీసుకున్నారు. "కనబడుట లేదు" అన్న అక్షరాలు కోసేశారు. ముఖానికి వాళ్ల కళ్లజోడు తగిలించారు. వాళ్ల రాతకు చోటు సరిపోలేదని ఫోటోను అద్దంలో బొమ్మలాగా కుడిఎడమలు తిప్పేశారు. అక్కకు ఎడమ బుగ్గ మీద, పెదవి చివర పుట్టుమచ్చ ఉంది. వాళ్లు ఊరంతా పెట్టిన ప్రకటన బోర్డుల మీద అది కుడి బుగ్గకు వెళ్లిపోయింది. పక్కన ఇంతింత అక్షరాలతో "మా అద్దాల్లోంచి కనబడనిదంటూ ఉండదు" అని రాసుకున్నారు.

2. ఆ బోర్డులు పెట్టిన నాటి నుంచి నాకు నిలువనీడ లేకుండా పోయింది. బస్సెక్కితే ముందు పోయే బస్సు వీపు మీద అక్క. బ్యాంకుకు వెళ్తే బ్యాంకు నెత్తిన అక్క. రోడ్డు దాటుతుంటే వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించి తిరిగితే, అక్కే. నన్ను కాకుండా నా పక్కనెక్కడో కాగుతున్న పాలను చూస్తూ నవ్వుతుంది. ఊళ్లో జనమంతా ఆ నవ్వు కళ్లజోడు దొరికిన ఆనందం అనుకుంటున్నారు.

3. అంతకుముందు నెలకు ఒక ఫోనైనా వచ్చేది కాదు. ఇప్పుడు రోజూ వస్తున్నాయి. పాత గోడల మీద నా కాగితాలు ఇంకా ఉన్నాయి కదా, అవి చూసినవాళ్లకు ఈ ముఖం ఎక్కడో చూసినట్టు గుర్తొస్తుంది. మంచి మనసుతోనే చేస్తారు. మొదటి ఫోను ఒక నర్సు నుంచి వచ్చింది.

"మా ఆసుపత్రి గేటు దగ్గర రోజూ చూస్తానండీ ఈవిణ్ణి."

"రోజూ అక్కడే ఉంటుందా అమ్మా?"

"అక్కడేనండీ. పాపం, ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటుంది."

గిరాకీని కుర్చీలో అలాగే కూర్చోబెట్టి పరుగెత్తాను. గేటు దగ్గరంతా వెతికి, అలిసి తలెత్తితే బోర్డు కనిపించింది. అలా ఎన్నిసార్లు పరుగెత్తానో లెక్క పెట్టుకోలేదు. చివరికి ఒక ప్రశ్న తయారు చేసుకున్నాను. ఎవరు ఫోన్ చేసినా ముందు అదే అడుగుతాను: పుట్టుమచ్చ ఆవిడ గుండె ఉన్న వైపా, రెండో వైపా? ఇంతవరకు అందరూ రెండో వైపనే చెప్పారు. "అది బోర్డండీ" అంటాను. కొందరు నొచ్చుకుంటారు. ఒక పెద్దాయన అయితే నాతో పోట్లాడాడు, నీకు మీ అక్క దొరకడం ఇష్టం లేనట్టుందే అని.

4. నేను ఫోన్ ఇంట్లో వదిలి బయటికి వెళ్లినప్పుడు అమ్మ ఎత్తుతుంది. అమ్మకు ఆ ప్రశ్న అడగడం రాదు. రాదని కాదు, అడగదు. "అలాగా నాయనా, చల్లగా ఉండు" అని ఫోన్ పెట్టేసి, చీర మార్చుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడుతుంది. నేను వచ్చి ఆపాలి. "అది బోర్డమ్మా" అని ప్రతిసారీ నా నోటితో నేనే చెప్పాలి. చెప్పులు విప్పుతూ ఒకసారి అంది, "పోనీలేరా, అద్దాలు బాగున్నాయి దానికి. చిన్నప్పటి నుంచి కళ్లు చికిలించి చూసేది, మనమే పట్టించుకోలేదు." అయ్యా, ఆ రాత్రి నేను అన్నం తినలేదని వేరే చెప్పనక్కర లేదు.

5. కంపెనీ మేనేజరు గారు తమ ఎదుట చెప్పిన సమాధానం ఉత్తర్వులో నమోదై ఉన్నది: "అర్జీదారుడే ఈ ఫోటోను ఊరంతా ఉచితంగా అంటించాడు. అందరూ చూడాలన్నదే అతని కోరిక. మేము ఇంకా ఎక్కువ మందికి చూపించాము. ఇందులో నష్టమేమిటి?" ఆ మాట విన్నప్పుడు ఒక్క క్షణం నాకూ నిజమే కదా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. బయటికి వచ్చాక తమ గుమాస్తా గారు కూడా మంచిగానే అడిగారు, "పోనీ నష్టం ఎంతో ఒక అంకె చెప్పండి, రాసుకుంటాను" అని. నాకు అంకె తోచలేదు.

6. ఇప్పుడు చెప్పగలను. రేపు నిజంగా మా అక్క ఏ వీధిలోనో నడిచి వెళ్తే, చూసినవాళ్లు ఏమనుకుంటారు? "అరె, కళ్లజోళ్ల బోర్డు మీద ఉండే ఆవిడ" అనుకుని నవ్వి పోతారు. తప్పిపోయిన మనిషి అని ఎవరికీ తట్టదు. మనిషిని బోర్డు మింగేసింది. ఇంకొక సంగతి, ఇది ఎవరికీ చెప్పలేదు: ఈ మధ్య కళ్లు మూసుకుని అక్కను తలుచుకుంటే మచ్చ కుడి వైపున కనబడుతోంది. బలవంతంగా ఎడమ వైపుకు తెచ్చుకుంటాను. నిద్ర పట్టేలోగా మళ్లీ కుడికి పోతుంది.

తమరు విధించిన జరిమానా ఒక ఫోటోకు మామూలుగా ఇచ్చే అద్దెకు సమానమైనది. ఆ ఫోటోను నేను అద్దెకు ఇచ్చేవాడినైతే అది న్యాయమే అగును. బోర్డులన్నీ వెంటనే తీసివేయించమని తమరిచ్చిన ఆజ్ఞకు మాత్రం రుణపడి ఉన్నాను. నిన్నటి నుంచి నిచ్చెనలవాళ్లు దింపుతున్నారు. ఆ ముఖాన్ని చెత్తలో పడేయకండి, నాకు ఇవ్వండి అని వాళ్ల మేస్త్రీని బతిమాలి నా నంబరు ఇచ్చి వచ్చాను.

కావున, జరిమానా సొమ్ముకు బదులుగా ఈ క్రింది శిక్షను విధించవలెనని ప్రార్థన. దింపిన ప్రతి చోటా అదే ఫోటోను సరైన వైపున, కళ్లజోడు లేకుండా, నా నంబరుతో, వాళ్లు వాడుకున్నంత కాలమూ కంపెనీ ఖర్చుతో ఉంచవలెను. ఆ కాలమంతా నా ఫోన్ మేనేజరు గారి వద్ద ఉండవలెను. వచ్చిన ప్రతి ఫోనుకు వారే జవాబు చెప్పి, చెప్పిన ప్రతి చోటికీ వారే పరుగెత్తి, ఆ తర్వాత మా ఇంటికి వచ్చి, గుమ్మంలో చెప్పులు వేసుకుని నిలబడిన మా అమ్మకు "కాదమ్మా" అని వారి నోటితో చెప్పవలెను. ఒక్కసారి చెప్పి చూస్తే నష్టం ఎంతో అంకె వారికే తెలుస్తుంది.

ఈ మనవిని ఫైలులో వేయుటకు ముందు ఒకసారి చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సదరు ఫోటో తీసినవాడు, సదరు స్త్రీ తమ్ముడు

తా.క.: సంతకం పెట్టి మడత పెడుతుండగా ఫోన్ మోగింది. నిచ్చెనల మేస్త్రీ. ఆటో వచ్చేలోగా ఇది నిలబడే రాస్తున్నాను, రాత బాగుండకపోతే మన్నించండి. అతను అన్న మాటలు ఇవి:

"బస్టాండు దగ్గర బోర్డు దింపుతున్నామన్నా. కింద ఒకావిడ నిలబడింది, చేతిలో మడిచిన గొడుగు. జరగమ్మా, మీద పడుతుందంటే జరగడం లేదు. బోర్డు వంకే కళ్లు చికిలించి చూస్తోంది."

నా ప్రశ్న అడిగాను. రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"నిచ్చెన మీదున్నానన్నా, ఇద్దరూ కనబడుతున్నారు. బోర్డు మీదావిడకి రెండో వైపు. కిందావిడకి గుండె వైపు."

ఆ బోర్డు దింపవద్దని, నేను వచ్చేదాకా అలాగే ఉంచమని అతనికి చెప్పాను. తమ ఉత్తర్వును అడ్డుకున్నట్లైనది. అందుకు నాకు ఏ జరిమానా వేసినా సమ్మతమే. ఈ అర్జీని పక్క జిరాక్స్ షాపాయన తమ ఆఫీసులో ఇస్తాడు.

అమ్మ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఈసారి నేను ఆపలేదు.