రెండు జబ్బుల గదిని మూయించవద్దని మనవి

వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమరు హెడ్ నర్సు గారికి ఇచ్చిన మెమో రద్దు చేయుట గురించి.

సిటీ బస్సు డ్రైవరునైన నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. దేశమంతా ఫ్లూ, ఆటలమ్మ ఒకేసారి విరుచుకుపడిన ఈ కాలమున నాకు రెండూ తగులుకొన్నవి. ఫ్లూ వార్డువారు నా పొక్కులు చూసి పొమ్మనిరి. ఆటలమ్మ వార్డువారు నా దగ్గు విని తలుపు వేసిరి. రెంటికీ చెడ్డ రేవడినై ఆస్పత్రి మెట్ల మీద కూలబడితిని.

2. రెండు వార్డులనూ ఒంటిచేత్తో ఈదుతున్న హెడ్ నర్సు గారు నన్ను చూసి, "ఇక్కడ కూర్చున్నారేంటండీ, లేవండి" అన్నారు. "ఎక్కడికమ్మా?" అన్నాను. ఆమె విరిగిన కుర్చీల గది తాళం తీసి, కుర్చీలన్నీ బయటికి లాగి, మూడు మంచాలు వేయించారు. సదరు గదికి అనుమతి లేదన్నది మెమోలోని మొదటి ఆరోపణ. నిజమే. నాకు వచ్చిన రెండో జబ్బుకూ ఎవరి అనుమతీ లేదు.

3. రెండో ఆరోపణ, ఆస్పత్రిలో వాద్యఘోష. నా పక్క మంచం పెద్దాయన పెళ్లి బ్యాండులో ట్రంపెట్ ఊదుతారు. మేళం మధ్యలో జ్వరం ముంచుకొచ్చి, వాద్యంతో సహా వచ్చి చేరారు. ఆయనదీ నా అవస్థే. మొన్న మధ్యాహ్నం నాకు ఊపిరి అందలేదు. పెద్దాయన "సిస్టరమ్మా!" అని అరిచారు గానీ ఆ బొంగురు గొంతు గుమ్మం దాటలేదు. వెంటనే ట్రంపెట్ అందుకొని ఊరేగింపు పాట ఎత్తుకున్నారు. హెడ్ నర్సు గారు ఆక్సిజన్ సిలిండర్ దొర్లించుకుంటూ పరుగున వచ్చారు. లేకుంటే ఈ అర్జీ నా భార్య రాయవలసివచ్చేది. ఆమె చేతిరాత తమరు చదవలేరు.

నేను తేరుకున్నాక, "తాతా, పాట సగంలో ఆపేశావేం?" అన్నారామె.

"ఇంకాస్త ఊదితే నాకూ ఓ సిలిండర్ తేవాలమ్మా!"

అయ్యా, ఆ రోజే నవ్వడం మళ్లీ మొదలుపెట్టాను.

4. మెమోకు జవాబు రాకుంటే సోమవారం నుంచి ఆమెను సస్పెండ్ చేస్తారట. మా జ్వరాలు చూసే హడావిడిలో ఆమెకు కలం పట్టే తీరిక లేదు. కావున ఆమె బదులు మేమే రాసుకుంటున్నాము.

తమరు దయయుంచి మెమో రద్దు చేసి, వీలైతే ఈ గదికి ఒక ఫ్యాను మంజూరు చేయుటకు, పై సంగతులు చల్లని మనసుతో చిత్తగించవలెను.

ఊపిరి ఆడుతున్న,
తమ విధేయుడు,
బస్సు డ్రైవరు

తా.క. సంతకం చేస్తుండగానే మూడో మంచానికి ఒక పెద్దావిడ వచ్చారు. ఆవిడకూ రెండు జబ్బులే. ఊళ్లో ఇంకెక్కడా మంచం దొరకలేదట. మధ్యలో దుప్పటి తెర కట్టాం. అర్జీ చదివి వినిపించమన్నారు. విని, "మెమో ఇచ్చింది మా అల్లుడే" అన్నారు. నేను అర్జీ మడిచేయబోయాను.

"భయమెందుకు నాయనా? ఈ గది మూయిస్తే నేరుగా వాళ్లింటికే వస్తానని రాయి. నెల్లాళ్లుంటానని కూడా రాయి."

రాశాను.