ఎర్రప్ప చెక్కేసిన కంబం పొట్ట

బెంగుళూరు, 1936

అరసికెరెలో నాయనకు దొడ్డయ్య దండాలు. నేను బాగున్నాను, పరువే పోయింది.

ఇక్కడ పాతకాలపు గ్రీకుల గుడి తీరులో హాలు కడుతున్నాం. ముందు వరసగా, పైనుంచి కిందిదాకా నిలువుచాళ్లు చెక్కిన రాతి కంబాలు. నేరుగా చెక్కితే దూరానికి నడుం సన్నగా కనబడుతుందని, మధ్యలో కాస్త ఉబ్బు పెడతారు. తమ్ముడు ఎర్రప్ప నిలువు సరిచూసే తూకంగుండు వేలాడదీసి, ఒక కంబానికి ఆ ఉబ్బును నేను తీసిన చాళ్లతో సహా చెక్కేశాడు! అడిగితే, "కంబానికి పొట్ట ఉండకూడదని నాయనే చెప్పినాడు గదన్నా" అంటాడు. ఇప్పుడది కరువులో ఎద్దులా ఉంది. కొట్టబోతే ఊరి బస్సెక్కాడు.

శెనక్కాయలు పీకారా? నా కంబళి పంపు. అమ్మకు దండాలు. వాడికి అన్నం పెట్టమను, ఉలి మాత్రం చేతికివ్వకు.