కత్తెర ఇవ్వనన్నాను

మైంజ్, మార్చి మొదటివారం

ఆల్మూట్ అక్కకు, ముద్దులతో,

నువ్వు నన్ను అనుమానపు పక్షివంటావుగానీ, ఈసారి నా మాట విను. ల్యాబులో నా బుల్లి రియాక్టర్ కారుతోంది. రెండు లోహపు పలకలు, మధ్యలో పల్చటి ప్లాస్టిక్ రేకు. ఆ రేకులో కోసిన సన్నటి కాలవలోకి ద్రావణం ఒక కొసన దూరి, కరెంటు తగిలి, రెండో కొసన మందుగా బయటికి రావాలి. మొత్తం కలిపి అరచేతిలో ఇమిడిపోతుంది. కార్నివాల్ దాకా చక్కగా నడిచింది. ఇప్పుడు పొద్దున వచ్చేసరికి బల్ల మీద మడుగే.

మీ బ్రెమెన్‌లో ఈ పిచ్చి లేదు కదా, మాకు కార్నివాల్ గురువారం ఆడవాళ్ళం దొరికిన మగవాడి టై కత్తిరించి, బుగ్గ మీద ఓ ముద్దు పెట్టి వదిలేస్తాం. ఎన్నడూ టై కట్టని టిల్మన్ ఆ రోజు కట్టుకొచ్చాడు. పక్కబల్లవాడే కదా అని చేతికందిన కత్తెరతో నేనే కత్తిరించాను. టైపిన్ను అడ్డొచ్చి కరుక్కుమన్నా వదల్లేదు. అందరం పడీ పడీ నవ్వాం.

అతని నవ్వు ఉత్తదే అక్కా. వేసవి తరువాత ఇక్కడ మా ఇద్దరిలో ఒక్కరికే ఉద్యోగం. నిన్న నేను వచ్చేసరికి నా రియాక్టర్ విప్పి, భూతద్దంతో రేకు చూస్తున్నాడు. నన్ను చూసి తడబడ్డాడు.

"హెన్రికే, రేకులు కోసే నీ కత్తెర ఒకసారి ఇస్తావా?"

"రియాక్టర్ అయింది, ఇక కత్తెర కూడానా? నీది నువ్వు కొనుక్కో!"

"అది కాదే, విను..."

"వినను."

అతనే పాడుచేస్తున్నాడని రేపు ప్రొఫెసర్‌గారికి చెప్పేస్తాను. స్నేహితుడనుకున్నాను, నా ఏడుపంతా అందుకే.

నీ హెన్రికే

మైంజ్, మార్చి చివర

అక్కా,

చెప్పేశాను. ప్రొఫెసర్‌గారు టిల్మన్ దగ్గర ల్యాబు తాళంచెవి తీసుకున్నారు. అతను కోటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున బల్ల మీద మళ్ళీ మడుగు.

రేకులన్నీ భూతద్దం కింద పెట్టాను. ప్రతిదానికీ అంచున చిన్న చీలిక. కత్తెర చూశాను. పదునైన అంచు ఆవగింజంత విరిగి ఉంది, టైపిన్నును కొరికిన చోట. రేకులు తప్ప ఇంకేదీ కోయకూడని కత్తెర అది. ఆ రోజు నవ్వుల్లో నాకు ఒళ్ళు తెలియలేదు.

ప్రొఫెసర్‌గారి దగ్గరికి పరిగెత్తి తప్పు నాదేనన్నాను. అక్కణ్ణుంచి టిల్మన్ ఇంటికి. తలుపు సగమే తీశాడు. వెనక అట్టపెట్టెలు కనిపించాయి.

"డార్మ్‌స్టాట్‌లో ఉద్యోగానికి ఒప్పేసుకున్నాను," అన్నాడు.

"క్షమించు టిల్మన్. ముందే ఎందుకు చెప్పలేదు?"

"కత్తెర ఇమ్మని అడిగానుగా."

ఎన్నడూ టై కట్టనివాడు ఆ రోజే ఎందుకు కట్టుకొచ్చాడో అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

ఉద్యోగం నాకే వచ్చింది. కొత్త కత్తెర కొన్నాను, రియాక్టర్ ఒక్క చుక్క కారడం లేదు. ఆ రోజు కత్తిరించి తగిలించిన అతని సగం టై మాత్రం నా బల్ల ఎదుట గోడకు ఇంకా వేలాడుతోంది. తీసేయడానికి చెయ్యి రావడం లేదక్కా.

సిగ్గుతో,
హెన్రికే