మా కాలి కింద బ్రేకు

3వ తేదీ, మంగళవారం. ఉదయం 6.10

నిన్న మధ్యాహ్నం మూడూ ఇరవైకి నా మీద డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు పెట్టారు. నా మీద! పదహారేళ్ళుగా ఊళ్ళో సగం మందికి డ్రైవింగు నేర్పిన నా మీద!

అసలు సంగతేమిటంటే నిన్న నేను బండి నడపనే లేదు. నడిపింది టీచరుగారు. రిటైరైన లెక్కల టీచరు, మా డ్రైవింగు స్కూల్లో నలభై ఒకటో క్లాసులో ఉన్నారు. స్టీరింగు ఆవిడ చేతిలో ఉంది. నేను పక్క సీట్లో ఉన్నాను. పోలీసు అద్దంలోంచి తల లోపలికి పెట్టి వాసన చూశాడు. ఇద్దరినీ ఊదమన్నాడు. టీచరుగారికి సున్నా వచ్చింది. నాకు హద్దుకి రెండింతలు దాటింది. లైసెన్సు తీసుకుని రసీదు ఇచ్చారు. 23న కోర్టు.

తాగింది రెండే గ్లాసుల బీరు. టైర్ల షాపాయన కొత్త షాపు తెరిచి భోజనానికి పిలిచాడు. కాదంటే ఏమనుకుంటాడు? (సరే, మూడు. డైరీతో దాపరికం ఎందుకు.)

కాబట్టి ఈ రోజు నుంచి నా తీర్మానం:
1. తప్పు ఒప్పుకునేది లేదు.
2. లాయరు అక్కర్లేదు. నా కేసు నేనే వాదించుకుంటాను.
3. ముఖ్యంగా బామ్మర్ది దగ్గరికి వెళ్ళేది లేదు.

మా బామ్మర్ది లాయరే. కానీ వాడికి డ్రైవింగు నేర్పుతూ, నడిరోడ్డు మీద బండి ఆపించి, "నీకు ఈ జన్మలో స్టీరింగు రాదురా" అని దింపేశాను. అప్పట్నుంచీ బస్సుల్లో తిరుగుతున్నాడు. ఇప్పుడు వాడి ముందు చేతులు కట్టుకుని నిలబడాలా? చచ్చినా సరే!

4వ తేదీ, బుధవారం. రాత్రి భోజనానికి ముందు

మోటారు వాహనాల చట్టం పుస్తకం కొన్నాను. లావుగా, దిండులా ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు పెన్నులు కూడా కొన్నాను.

పేజీలు తిప్పగా తిప్పగా దొరికింది! "వాహనం నడుపుతున్న వ్యక్తి" అని స్పష్టంగా రాసి ఉంది. నడుపుతున్న వ్యక్తి! పక్కన కూర్చున్న వ్యక్తి అని ఎక్కడా లేదు. ఆకుపచ్చ పెన్నుతో మూడు గీతలు గీశాను. కేసు గెలిచేసినట్టే.

కింద శిక్ష కూడా ఉంది. మొదటిసారి అయితే జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా లైసెన్సు సస్పెన్షను. దాని కింద గీత గీయలేదు.

లైసెన్సు లేకపోతే ఆ పక్క సీట్లో కూర్చోవడానికి లేదు. ఆ సీట్లో లేకపోతే నేనెవర్ని? ఆ ఆలోచన వద్దు.

అద్దం ముందు "గౌరవనీయులైన న్యాయమూర్తిగారికి" అని ఏడుసార్లు ప్రాక్టీసు చేశాను.

"ఎవరితో మాట్లాడుతున్నారు?" అంది మా ఆవిడ.

"న్యాయమూర్తితో."

"ఆయన్ని కాస్త పక్కకి జరగమనండి, బాత్రూమ్ కడగాలి."

6వ తేదీ, శుక్రవారం

క్లాసులు మా ఆవిడ తీసుకుంటోంది. స్కూలు పెట్టినప్పుడు తనూ నాతో పాటు శిక్షకురాలి లైసెన్సు తీసుకుంది. "ఎండలో నీకెందుకులే" అని ఆఫీసులో కూర్చోబెట్టి ఫారాలు నింపించాను. ఇన్నాళ్ళకి ఆ కార్డుకి దుమ్ము దులిపింది.

రెండు రోజులకే ఓ కుర్రాడు ఫోన్ చేసి అడుగుతున్నాడు: "సార్, మేడమ్ గారే కంటిన్యూ చేస్తారా? ఆవిడ అరవరండీ."

నేను అరుస్తానా? ఎప్పుడు అరిచాను? ఫోన్లోనే గట్టిగా అడిగాను. పెట్టేశాడు.

9వ తేదీ, సోమవారం. సాయంత్రం 5.00

సాక్షిని సిద్ధం చేసుకోవాలి కదా. టీచరుగారింటికి వెళ్ళాను. టీ ఇచ్చారు.

"టీచరుగారూ, కోర్టులో మిమ్మల్ని అడిగితే, 'బండి నడిపింది నేనే' అని మీరు చెప్పాలి. అంతే. ఒక్క ముక్క."

"చెప్తాను మాస్టారూ. నడిపింది నేనే కదా."

నెత్తిన పాలు పోసినట్టయింది.

"మరి బ్రేకు ఎవరు వేశారని అడిగితే?" అన్నారావిడ.

"మీరే అని చెప్పండి."

"మీరు కదా వేసింది! నలభై క్లాసులయ్యాయి, ఏనాడైనా నన్ను బ్రేకు నొక్కనిచ్చారా? నా కాలు కదిలేలోపే మీ వైపు పెడల్ మీద మీ కాలు పడిపోతుంది. క్లచ్చూ మీరే, బ్రేకూ మీరే. నేను ఆ చక్రం తిప్పుతూ కూర్చుంటానంతే."

"అదంతా కోర్టుకి ఎందుకండీ..."

"ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పాను మాస్టారూ. స్టెప్పులు లేకుండా ఆన్సరు ఒక్కటే రాస్తే మార్కులు వేసేదాన్ని కాదు."

పైగా ఆవిడకో నోట్‌బుక్కు ఉంది. ప్రతి క్లాసు గురించీ రాసి పెట్టారు. "బ్రేకు: మాస్టారు. బ్రేకు: మాస్టారు." నలభై ఒక్క పేజీలు, ముత్యాల్లాంటి చేతిరాత. టీ సగంలోనే వదిలేసి లేచాను.

10వ తేదీ, మంగళవారం

ఫర్వాలేదు. సాక్షి ఒకరు పోతే ఇంకొకరు. తక్కువే తాగానని టైర్ల షాపాయన చెప్తాడు. వెళ్ళాను.

"రెండు గ్లాసులా? నిన్ను పిలిచి రెండు గ్లాసులతో పంపిస్తానా? నా పరువేం కావాలి! ఐదు. నా చేత్తో పోశాను. కోర్టులో ఎవరి ముందైనా చెప్తాను!"

చెప్పొద్దని బతిమాలుకుని వచ్చాను.

(ఐదే.)

12వ తేదీ, గురువారం. మధ్యాహ్నం 1.15

బామ్మర్ది ఆఫీసుకి వెళ్ళాను. ఇది తీర్మానం తప్పడం కాదు. ఆ వీధిలో పెన్ను రీఫిల్ కొనడానికి వెళ్ళాను, మెట్లు కనిపించాయి, ఎక్కాను. అది కూడా నా గురించి కాదు, ఒక స్నేహితుడి గురించి అడిగాను.

"ఆ స్నేహితుడికి డ్రైవింగు స్కూలుందా బావా?" అన్నాడు.

"...ఉంది."

"కూర్చో."

నా పాయింట్లన్నీ చెప్పాను. చక్కగా విన్నాడు వెధవ. ఊదించిన మెషిన్ తనిఖీ సర్టిఫికెట్టు చూశాడు. తేదీ దాటలేదు. పోలీసులు నాకు స్లిప్పు ఇచ్చారా, నేను సంతకం పెట్టానా, రెండోసారి ఊదించారా, అన్నీ అడిగాడు. అన్నీ పద్ధతి ప్రకారమే చేశారు. తర్వాత మెల్లగా అడిగాడు:

"బావా, మీ కారు వెనక ఏం రాసుంటుంది?"

కారు వెనక నేనే సొంతంగా కట్టి, ఎర్రరంగుతో రాయించుకున్న మాట: "భయపడకండి! మీ చేతిలో స్టీరింగు, మా కాలి కింద బ్రేకు!"

"పోలీసు తీసిన ఫోటోలో ఆ మాట పక్కనే నంబరు ప్లేటు కూడా ఉంది" అన్నాడు. "నువ్వు పక్కన కూర్చున్నవాడివి కాదు బావా. రెండు పెడల్స్ నీ కింద ఉన్నాయి. నేర్చుకునేవాళ్ళు పక్కనుంటే బండి నీ అధీనంలో ఉన్నట్టే. ఒప్పుకో. మొదటి తప్పు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. శిక్ష తగ్గించమని నేను అడుగుతాను. డిఫెన్సంటే అబద్ధాలు అల్లడం కాదు."

నేను లేచి వచ్చేశాను. రీఫిల్ కొనడం మర్చిపోయాను.

15వ తేదీ, ఆదివారం

ఎరుపు పెన్ను అయిపోయింది. పుస్తకం 211వ పేజీ దగ్గర ఆగింది. జ్వరం వచ్చినట్టుంది. థర్మామీటరుకి తెలియడం లేదు.

తీర్మానం నిలబడే ఉంది. కాస్త వంగి నిలబడింది, అంతే.

18వ తేదీ, బుధవారం. రాత్రి

ఈ రోజు మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, తల ఎత్తకుండా అంది:

"ఆ రోజు కానిస్టేబులు పక్కకి దూకాడటగా."

నేను అన్నం కలుపుకున్నాను.

"టీచరుగారు చెప్పారు. బ్యారికేడు దగ్గర 'ఆపు' అని చెయ్యి చూపిస్తే, ఆవిడ మీరే ఆపుతారని చూశారట. మీ కాలు పడలేదట. తర్వాత పడిందట."

"పడింది కదా."

"తర్వాత" అంది. నా కంచంలో ఇంకొంచెం కూర వేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇది మొదటి రోజే రాయాల్సింది. రాయలేదు. డైరీకి కూడా చెప్పలేదు. ఆ కానిస్టేబులుకి పాతికేళ్ళుంటాయేమో. బంపరుకీ అతని మోకాళ్ళకీ మధ్య జానెడు కూడా లేదు. నిద్రలో కూడా బ్రేకు మీద పడే కాలు ఆ రోజు నేను చెప్తే వినలేదు. ఐదు గ్లాసుల మాటే వింది. టీచరుగారు నన్ను నమ్ముకుని స్టీరింగు పట్టుకుని కూర్చున్నారు. సిగ్గేస్తోంది. మనసంతా సిగ్గుతో నిండిపోయింది.

20వ తేదీ, శుక్రవారం

ఉదయం 9.00. తీర్మానం కొనసాగుతోంది.
ఉదయం 9.20. ఇంకా కొనసాగుతోంది.
ఉదయం 9.25. బామ్మర్దికి ఫోన్ చేశాను.

"ఎత్తావా తెల్లజెండా?" అన్నాడు.

"నేనేమీ ఎత్తలేదురా. నా జెండా కాస్త దించానంతే."

"సోమవారం పదింటికి రా. ఉతికిన చొక్కా వేసుకో. నోరు తక్కువ తెరువు."

23వ తేదీ, సోమవారం. సాయంత్రం

కోర్టు హాల్లో అన్నీ చిన్న చిన్న కేసులే. బెంచీ మీద నా పక్కన హెల్మెట్టు కేసు, ఆ పక్కన సిగ్నలు జంపు కేసు. ఆ సిగ్నలు జంపు నా పాత విద్యార్థే. "నమస్తే మాస్టారూ!" అని హాలంతా వినపడేలా పలకరించాడు. తల కొట్టేసినట్టయింది.

టీచరుగారు కూడా వచ్చారు, నోట్‌బుక్కుతో సహా. "అవసరమైతే" అన్నారు. ఎవరికి అవసరమైతేనో నేను అడగలేదు.

జడ్జిగారు మా ఆవిడ వయసావిడ. కళ్ళజోడు పైనుంచి చూశారు. బామ్మర్ది లేచి, తప్పు ఒప్పుకుంటున్నాడు, మొదటిసారి, కనికరించండి అని రెండు ముక్కల్లో ముగించాడు. బాగా మాట్లాడాడు. వాడికి స్టీరింగు రాదు కానీ, నోరు మాత్రం ఎటు తిప్పాలంటే అటు తిరుగుతుంది.

"మీరేమైనా చెప్తారా?" అన్నారు జడ్జిగారు.

ఏమీ లేదండీ అనాలి. బామ్మర్ది అదే నేర్పాడు. పదిహేడు రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేసిన నోరు ఊరుకోలేదు.

"బ్రేకు నేనే వేశానండీ. ఆలస్యంగా వేశాను. ఆ కానిస్టేబులు దూకకపోతే తగిలేది. టీచరుగారి తప్పు రవ్వంత కూడా లేదు. తాగింది ఐదు గ్లాసులండీ."

బామ్మర్ది నా చొక్కా వెనక నుంచి లాగుతున్నాడు. జడ్జిగారు కాసేపు కాగితాలు చూశారు. జైలు లేదు. జరిమానా. ఆరు నెలలు లైసెన్సు సస్పెన్షను. తాగి నడపడం మీద రెండు రోజుల క్లాసు, అక్కడ నేను విద్యార్థిని.

"ఇంకో మాట" అన్నారు. "కారు వెనక రాసింది చెరిపేయండి. ఆరు నెలల తర్వాత నిజమనిపిస్తే మళ్ళీ రాయించుకోండి."

బయటికొచ్చాక ఫీజెంతరా అన్నాను. "వద్దు. నాకు డ్రైవింగు నేర్పిస్తే చాలు" అన్నాడు. గుండె కరిగిపోయింది. "నువ్వు కాదు, అక్క" అన్నాడు.

24వ తేదీ, మంగళవారం. ఉదయం 11.30

రంగు చెరిపేశాను. కిరసనాయిలు వాసన ఇంకా చేతుల్లోంచి పోలేదు.

తర్వాత వెనక సీట్లో కూర్చున్నాను. పదహారేళ్ళలో మొదటిసారి. స్టీరింగు దగ్గర టీచరుగారు, పక్క సీట్లో మా ఆవిడ. చౌరస్తా వచ్చింది. ఎర్రలైటు. ముందు లారీ. నేను ఊపిరి బిగబట్టాను. మా ఆవిడ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, పెడల్ జోలికే పోలేదు! టీచరుగారి కాలు కదిలింది. బండి మెత్తగా ఆగింది. లారీకీ మాకూ మధ్య ఇంకో కారు పట్టేంత చోటుంది.

"బాగా ఆపారు" అంది మా ఆవిడ. అంతే. అరుపు లేదు.

టీచరుగారు నోట్‌బుక్కు తీసి రాసుకున్నారు. వెనక నుంచి తొంగి చూశాను. "బ్రేకు: నేను."

కళ్ళు చెమర్చాయి. నా కాలు లేకుండానే బండి ఆగుతుందని నాకు ఇన్నాళ్ళూ తెలియనే లేదు.

ఇంటి ముందు దిగాక మా ఆవిడ వెనక తలుపు తెరిచి చూసింది.

"ఏమండీ, ఈ మ్యాటు ఇలా చిరిగిపోయిందేం? ఎవరో మడమతో నొక్కి నొక్కి తొక్కినట్టుంది."

"నేను కాదు."

"వెనక ఇంకెవరున్నారు?"

మధ్యాహ్నం 12.05. తీర్మానం, మొదటి రోజు: ఒప్పుకునేది లేదు. ఈ కేసు నేనే వాదించుకుంటాను.