గొలుసు గలగలమంది

అక్కా,
నేను కులాసాగానే ఉన్నాను. సూది దిగిన వేలు మానిపోయింది, బెంగ పెట్టుకోకు.

మొన్న సెలవునాడు మా కటింగ్ మాస్టరు మిషన్ల మీద కుట్టేవాళ్లందరినీ పార్కుకు తీసుకెళ్లాడు. అక్కడ డిస్క్ గోల్ఫ్ అని ఒక ఆట ఉంది. పళ్లెంలాంటి బిళ్లను చెట్ల మధ్య నుంచి విసిరి, దూరంగా స్తంభానికున్న బుట్టలో వెయ్యాలి. బుట్ట పైన చుట్టూ గొలుసులు వేలాడుతుంటాయి. పొద్దున్నే బాగా మంచు పట్టింది. నా బిళ్ల ఆ తెలుపులో ఈదుకుంటూ పోయి కనబడకుండా అయింది. అంతలోనే గొలుసు గలగలమంది. అచ్చం మీ వసారాలో ఉయ్యాలే! కాళ్లు నేలకు అందక, వచ్చి ఊపమని నా పాపాయి గొలుసు ఆడిస్తుంది చూడు, అలాగే.

"వస్తున్నానే తల్లీ, గట్టిగా పట్టుకో!" అని పైకే అనేసి, చేతులు చాపుకుని పరుగెత్తాను.

"అక్కడెవరున్నారమ్మా?" అన్నాడు మాస్టరు. అందరూ ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ గొలుసు పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోయాను.

సరేగానీ, మీ ఇంట్లో వదిలొచ్చిన నా కుట్టుమిషను మీద మూత పెడుతున్నావా? ఎలుకలు బెల్టు కొరికేస్తాయి. పాపాయికి దగ్గు తగ్గిందా? గౌనుకు కొలతలు పంపు. బావగారికి నమస్కారాలు, పాపాయికి ముద్దులు.

నీ చెల్లెలు

చోటు చాలక అంచున రాస్తున్నాను: ఉయ్యాలెక్కితే దాని కాళ్లు నేలకు అందుతున్నాయా? అందుతుంటే బావగారితో చెప్పి ఉయ్యాల కాస్త పైకి కట్టించు. నేనొచ్చేదాకా అది గొలుసు ఆడిస్తూనే ఉండాలి.